కొబ్బరికాయకు కదిలిన జీపు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. పాతికేళ్లు దాటిన వయసు, చేతిలో స్టీరింగు, వెనక సీట్లలో సగం ఊరు, ముందు ఘాటీ రోడ్డు. జి.మాడుగుల కొండల్లో బండి నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే (నాకు తెలిసినంతలో. పక్క మండలంలో ఇంకెవరైనా ఉన్నారా అని నేను అడగలేదు, అడగాలనీ అనిపించలేదు). చదువు లేదు. అంకెలు మాత్రం వచ్చు. లైసెన్సు పరీక్షలో రోడ్డు బొమ్మలన్నీ టకటకా చెప్పేసి, సంతకం చెయ్యమన్న చోట వేలిముద్ర వేసి, బ్రేకు ఇనస్పెక్టరు మొహంలోకి దర్జాగా చూసి వచ్చినదాన్ని. అలాంటి నన్ను ఒక కోడిపెట్ట బొమ్మ మూడు వారాలు నిద్రపోనివ్వలేదు. ఆ సంగతి చెబుతాను.

బండి మా మేనమామది. ఏడు సీట్ల డీజిల్ బండి, మైదానంలో ఎవరో ఆరేళ్లు వాడి అమ్మేస్తే మావ కొన్నాడు. మా వైపు చక్రాలు నాలుగుండి మనుషులెక్కేది ఏదైనా జీపే కాబట్టి దాన్నీ జీపనే అనేవాళ్లం. కొన్న ఏడాదికే మావ ఎడమ మోకాలు క్లచ్చి తొక్కనని మొరాయించింది. కొడుకులు లేరు. అప్పటిదాకా మూటలు ఎత్తి పైన కట్టే పని నాది. మావ ఒక రోజు తాళం నా ఒళ్లో పడేసి, తాను పక్క సీట్లోకి జరిగిపోయాడు. జరిగినవాడు ఊరికే కూర్చున్నాడా అంటే, లేదు. ప్రతి మలుపులోనూ తన కుడికాలు గాలిలో బ్రేకు వేసేది, ఎడమ చెయ్యి అద్దం బయట ఎదురు బండ్లను తిట్టేది. అయినా ఆ సీటంటే నాకు ప్రాణం. అది లేకపోతే నాకు మిగిలేది కాఫీ తోటల్లో పళ్లు ఏరే కూలి, అది నేను పదేళ్ల వయసు నుంచి చేసి ఉన్నాను.

మా ఊరు లోయలో ఉంటుంది, సంత కొండపైన. సంత రోజు తెల్లారగానే అల్లం, పసుపు, చింతపండు మూటలతో ఆడవాళ్లు ఎక్కేవారు. కింద నుంచి వచ్చే వ్యాపారులు మధ్యాహ్నానికల్లా సరుకు కొనేసి లారీ ఎక్కించి వెళ్లిపోతారు. ఆ లోపు మనం పైకి చేరకపోతే ఎత్తుకెళ్లిన మూట మళ్లీ ఎత్తుకు రావాల్సిందే. అందుకని బండి బేగి (అంటే తొందరగా) కొండెక్కడం అనేది మా ఊళ్లో మామూలు విషయం కాదు.

ఒక సంత రోజు, ఘాటీ సగం ఎక్కాక, మూడో గేరులో మంచి జోరు మీద పోతుండగా, స్టీరింగు వెనక నారింజ రంగులో ఒక బొమ్మ వెలిగింది. నా కళ్లకి అది ముక్కు చాచి కూర్చున్న కోడిపెట్టలా కనిపించింది. ఆ వెంటనే బండి చచ్చుబడిపోయింది. ఇంజను ఆగలేదు, చప్పుడు మారలేదు, పొగ లేదు. కానీ యాక్సిలరేటరు నేలకంటా తొక్కినా నాగలి లాగే ఎద్దులా ఒక్కటే నడక. మొదటి గేరులో ఈడ్చుకుంటూ మలుపుతల్లి గుడి దాకా తెచ్చాను. మలుపుతల్లి అంటే ఘాటీ పెద్ద మలుపులో రాతి కింద ఉన్న అమ్మవారు. ఏ బండి అయినా అక్కడ ఆగాలి, డ్రైవరు దిగి కొబ్బరికాయ కొట్టి, చిప్ప ఒకటి అక్కడ పెట్టి, రెండోది బండిలో వేసుకుని కదలాలి. ఆ రోజూ ఆపాను, దిగాను, కొట్టాను, ఎక్కి స్టార్టు చేశాను. కోడిపెట్ట వెలుగుతూనే ఉంది గానీ బండికి బలం తిరిగొచ్చేసింది. పైదాకా పరుగే పరుగు.

ఇంక చెప్పేదేముంది. మా బండికి శాశ్వత ప్రయాణికురాలు ఒకావిడ ఉండేది, మాకు పెద్దమ్మ వరస, అల్లం పండించేది, అందరూ అల్లం పెద్దమ్మ అనేవారు. ఆవిడ ముందుకి వంగి ఆ బొమ్మని చూసి, కోడీ కాదు గీడీ కాదు, అది దీపం సెమ్మె, తల్లి తన దీపం తానే ఎలిగించుకున్నాది అని తేల్చేసింది. నేనూ కాదనలేదు. కాదనకపోవడమే కాదు, పై వారం మళ్లీ అదే చోట బండి చతికిలబడి, మళ్లీ గుడి దగ్గర కాయ కొట్టగానే లేచినప్పుడు, అందరికంటే ముందు చెంపలు వేసుకున్నది నేను. ఇంటికొచ్చి నియమాలు కూడా పెట్టాను. సంత రోజు పొద్దున్న ఎండుచేప తిన్నవాళ్లు నా బండి ఎక్కకూడదు. పసుపు మూటలు ముందు, చింతపండు వెనక. కాయలు కొట్టే మనిషి తల స్నానం చేసి ఉండాలి (అంటే నేనే. కొండ నీళ్లతో తెల్లవారుజామున. ఇప్పుడు తలుచుకున్నా వణుకు వస్తుంది). ఎవరైనా అనుమానంగా చూస్తే, బండి సంగతి నాకు తెలుసా మీకు తెలుసా అని అడిగేదాన్ని.

మూడో వారం తల్లి నా పరువు తీసింది. ఆ రోజు సన్నగా జల్లు పడుతోంది. బ్యాటరీ నీరసంగా ఉంది, పొద్దున్న తోస్తే గానీ స్టార్టు కాలేదు. అందుకని గుడి దగ్గర ఇంజను ఆపకుండా, మావ చేత హ్యాండుబ్రేకు పట్టించి, గబగబా దిగి కాయ కొట్టాను. ఎక్కి తొక్కితే బండి అదే ఎద్దు నడక. దిగి రెండో కాయ కొట్టాను. లేదు. మూడోది కొట్టాను. లేదు. వెనక సీట్లలో విచారణ మొదలైంది. ఎవరు ఏం తిన్నారు, ఎవరింట్లో మైల, ఎవరి మనసులో ఏముంది అని. పాపం ఒక కొత్త కోడలు తాను రాత్రి గుడ్డు తిన్నానని ఒప్పేసుకుంది. ఆ పిల్లని దింపి నడిపించారు. తర్వాత దారి ఏటవాలు పెరిగి అందరమూ దిగాల్సి వచ్చింది. మేం పైకి చేరేసరికి వ్యాపారుల లారీ తోక మాత్రమే కనిపించింది. తడిసిన మూటల పక్కన పెద్దమ్మ కూర్చుని ఒక్కో అల్లం ముక్కా కొంగుతో తుడవసాగింది.

మర్నాడు మావ బండిని మైదానంలో ఉన్న మెకానిక్కు దగ్గరికి నా చేత తోలించుకుపోయాడు. ఆయన్ని అందరూ కంప్యూటర్ మేస్త్రి అనేవారు. లావుపాటి మనిషి, పాత ల్యాప్‌టాప్ ఒకటి ఎప్పుడూ చంకలో. స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు గుచ్చి, తెర మీద ఏవో చదివి, కోడిపెట్టని ఆర్పేసి, టర్బో గాలి ఎక్కువైపోతోందన్నాడు. గాలి తక్కువైతే కదా బలం తగ్గాలి, ఎక్కువైతే ఎందుకు తగ్గుతుంది అని నేను అడిగాను. ఆడపిల్ల అడిగిందని ముందు నవ్వాడు గానీ, తర్వాత మంచిగానే చెప్పాడు. కొలిమి దగ్గర తిత్తి లాంటిది టర్బో. ఇంజను వదిలే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి గాలి కూరుతుంది. గాలి నిండిపోతే చాలించమని చెప్పడానికి పక్కన ఒక చిన్న తలుపు ఉంటుంది. తలుపు తెరుచుకుంటే పొగ చక్రాన్ని తిప్పకుండా పక్క నుంచి పోతుంది. ఆ తలుపు తెరుచుకోవట్లేదు. గాలి హద్దు దాటితే ఇంజను పగిలిపోతుందని బండిలో ఉన్న కంప్యూటరు భయపడి, కోడిపెట్టని (నిజానికి అది ఇంజను బొమ్మట) వెలిగించి, బలం తానే కోసేసి, కుంటుకుంటూ ఇంటికి పొమ్మంటోంది. అదీ జబ్బు. మందు ఏమిటంటే టర్బో మొత్తం మార్చడం. దాని ఖరీదు విని మావ పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయాడు. మేస్త్రి తన సందు చివరి దాకా బండి తోలి చూశాడు, ఏ తేడా లేదు, కోడిపెట్ట కూడా మళ్లీ వెలగలేదు. సందు చివర కొండ లేదు కదా మరి.

తిరిగొచ్చే దారిలో మావ అన్నాడు (గుంట అంటే మా వైపు ఆడపిల్ల): "ఇంక సాలే గుంటా. ఆదివారం బేరగాడ్ని రమ్మన్నాను. ఇనుము రేటుకైనా ఇచ్చేత్తాను. నువ్వు తోటల్లోకి పో, నాను ఇంటికాడ కూకుంటాను."

నా జీవితంలో నేను మాట్లాడకుండా బండి నడిపింది ఆ ఒక్కసారే. మాట్లాడకపోతే ఆలోచన వస్తుందని కూడా అప్పుడే తెలిసింది. రెండు వారాలు కాయకి లొంగిన బండి మూడో వారం ఎందుకు లొంగలేదు? గుడ్డు తిన్న కోడలు మొదటి వారం కూడా బండిలోనే ఉంది, మొదటి వారం కూడా గుడ్డు తినే ఉంటుంది, వాళ్లింట్లో కోళ్లే కోళ్లు. మారింది ఒకటే. మొదటి రెండు సార్లూ తాళం తిప్పి ఇంజను ఆపాను. మూడోసారి ఆపలేదు.

పై రోజు పెద్దమ్మని, మావని, పది అల్లం మూటల్ని ఎక్కించుకుని కావాలనే ఘాటీ ఎక్కాను. గుడికి ఇంకా నాలుగు మలుపులుండగా బొమ్మ వెలిగింది, బండి చచ్చింది. అక్కడే ఆపి, తాళం తీసి, పది లెక్కపెట్టి మళ్లీ స్టార్టు చేశాను. కాయ లేదు, గుడి లేదు, బలం వచ్చేసింది. భయపడ్డ కంప్యూటరు ఒకసారి పడుకుని లేస్తే భయం మరిచిపోతోంది, అంతే. నేను విజయగర్వంతో వెనక్కి తిరిగి, చూశావా పెద్దమ్మా, తల్లి కాదు తాళం అన్నాను.

"తాలమైతే తాలమే," అంది పెద్దమ్మ, ఏ మాత్రం తొణక్కుండా. "ఆ తాలం తిప్పమని నీకు బుర్రలో ఏసినదెవులు?"

ఆ సంగతి తేల్చుకునే తీరిక ఆ రోజు లేదు, ఆదివారానికి ఇంకా మూడు రోజులే ఉంది. జబ్బు కొండ ఎక్కితేనే బయటపడుతోంది కాబట్టి మందు వేసేవాడు కొండ ఎక్కాలి. మళ్లీ మైదానానికి పోయి మేస్త్రిని బతిమాలాను. ఆయన ససేమిరా అన్నాడు. పని ఒత్తిడి అన్నాడు, వాన అన్నాడు. చివరికి ఆయన భార్య లోపల్నుంచి అసలు సంగతి చెప్పేసింది. ఆయనకి మలుపులంటే వాంతులట. నేను నిమ్మకాయలు ఇస్తానన్నాను, మెల్లగా నడుపుతానన్నాను (నడపలేదు. మెల్లగా పోతే జబ్బు రాదు కదా). ఒక బుట్టెడు సీతాఫలాలకి ఆయన లొంగాడు.

ఆ ప్రయాణం నేను మరిచిపోలేను. మేస్త్రి మధ్య సీట్లో, ఒళ్లో ల్యాప్‌టాప్, స్టీరింగు కింద నుంచి దానికి వైరు. పక్కన అల్లం పెద్దమ్మ, వెనక మూటలు, ముందు మావ. తెర మీద రెండు గీతలు పాకుతుంటాయని, నల్లది ఇంజను అడిగిన గాలి, ఎర్రది టర్బో ఇచ్చిన గాలి అని, రెండూ జంటగా పోవాలని, ఎర్రది విడిపోయి పైకి ఎగిరితే అదే రోగమని మొదటి మలుపులో చెప్పాడు. రెండో మలుపులో మాట్లాడ్డం మానేశాడు. నాలుగో మలుపులో ల్యాప్‌టాప్‌ని పెద్దమ్మ ఒళ్లోకి తోసి, తల కిటికీలోంచి బయట పెట్టేశాడు. పెద్దమ్మ దాన్ని పూజ పళ్లెంలా రెండు చేతులతో పట్టుకుంది. నాలాగే ఆవిడకీ అక్షరం రాదు, కానీ గీతలకి చదువెందుకు.

"కలిసే ఎల్తన్నాయే... కలిసే... ఒలే, ఎర్రది ఏటో సేత్తన్నాది," అని మొదలుపెట్టి, ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి పెళ్లి ఊరేగింపు చూసి చెబుతున్నట్టు చెప్పసాగింది. ఎర్రది నల్లదాన్ని దాటేసిందట, భుజం ఎక్కిందట, ఇల్లు వదిలి పోతోందట. కోడిపెట్ట వెలిగింది. బండి చచ్చింది.

అక్కడే రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాను. మేస్త్రిని దింపి రాతి మీద కూర్చోబెట్టి చేతిలో నిమ్మకాయ పెట్టాం. ఆయన ఒక చేత్తో నిమ్మకాయ వాసన చూస్తూ, రెండో చేత్తో దూరం నుంచే చూపించాడు. అదిగో టర్బో, అదిగో దాని పక్కన డబ్బా, డబ్బాకి ఉన్న ఊచే ఆ చిన్న తలుపుని తెరిచేది. గాలి నిండిందని ఆ డబ్బాకి ఎవరు చెబుతారు అని అడిగాను. సన్నని రబ్బరు పైపు ఒకటి ఉంటుంది, గాలే అందులోంచి వచ్చి ఊచని తోస్తుంది, ఆ పైపు చూశాను, బాగానే ఉంది అన్నాడు. ఎక్కడ చూశారు అన్నాను. షాపులో, అన్నాడు. అప్పుడది చల్లగా, లోపల గాలి తోపు లేకుండా ఉంది మరి.

పైపుల సంగతి నాకు చెప్పాలా? మా ఊరికి నీళ్లు కొండ ఊట నుంచి రబ్బరు పైపులోనే దిగుతాయి. ఎండాకాలంలో పైపు చిట్లితే ఎక్కడ చిట్లిందో వెతికే పని చిన్నప్పటి నుంచి నాది. ఊరికే నేల మీద పడి ఉన్న పైపులో చిట్లు కనిపించదు, పెదవులు మూసుకుని ఉంటుంది. నీళ్లు నిండుగా వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. అది కూడా వంపు దగ్గర, నేల వైపు. కాబట్టి పైపుని చేతిలోకి తీసుకుని, వంచి, అడుగు చూడాలి. ఇంజను ఆపాను. చెయ్యి లోపలికి పెట్టాను. మేస్త్రి రాతి మీంచి ఒద్దమ్మా కాల్తాది అంటూనే ఉన్నాడు, అప్పటికే చూపుడువేలు కాలింది. ఆ వేలితోనే పైపుని తడుముకుంటూ పోయి, డబ్బాకి తొడిగిన చోట వంచి చూస్తే, బిగింపు కిందుగా, బియ్యపు గింజంత చిట్లు నోరు తెరిచి నన్ను చూసింది. పైకి ఎక్కేటప్పుడు గాలంతా అక్కడే పోతోంది. డబ్బాకి కబురు అందడం లేదు. తలుపు తెరుచుకోవడం లేదు. పాపం టర్బో తప్పు ఏమీ లేదు.

మేస్త్రి నిమ్మకాయ పారేసి లేచి వచ్చాడు. వంగి చూశాడు. తర్వాత కత్తి అడిగాడు. పెద్దమ్మ అల్లం కోసే కత్తి ఇచ్చింది. చిట్లిన కొస కోసేసి, మిగిలిన పైపుని లాగి మళ్లీ తొడిగి బిగించాడు, పొడవు సరిపోయింది. పై వారం కొత్త పైపు వేస్తానన్నాడు, వేశాడు కూడా. మళ్లీ ఎక్కాం. తాళం తిప్పాను, ఏటవాలు మొదటి నుంచి ఎక్కాలని కిందికి తిప్పి తెచ్చి, మూడో గేరులో తొక్కి పట్టాను. మావ కుడికాలు కూడా కదలలేదు. పెద్దమ్మ కళ్లు తెర మీదే ఉన్నాయి. కలిసే ఎల్తన్నాయి, కలిసే ఎల్తన్నాయి అని నామజపంలా అంటూనే ఉంది. గుడి మలుపు వచ్చింది. గీతలు కలిసే ఉన్నాయి. నేను బండి ఆపి, దిగి, కాయ కొట్టాను. ఎందుకు కొట్టానని అడగకండి, బుర్రలో వేసిన ఆవిడకి ఇవ్వాల్సింది ఇవ్వాలి కదా.

ఆదివారం బేరగాడు వచ్చాడు. మావ అతనికి కాఫీ ఇచ్చి, వాన గురించి, పసుపు రేటు గురించి మాట్లాడి పంపించేశాడు. బండి మాట ఎత్తలేదు. అతను వెళ్లాక తాళం నా వైపు విసిరి, "పైప్‌లో చిట్లుకి గుడ్డు తిన్న గుంటని నడిపించీసినావు కదే. ముందు దానికాడికి పోయి సెమాపణ సెప్పు," అన్నాడు. వెళ్లి చెప్పాను. ఆ పిల్ల నాకు రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టింది.

ఆ సీటు మీద ఆ తర్వాత చాలా ఏళ్లు కూర్చున్నాను. ఆ జీపు పోయి ఇంకోటి వచ్చింది. నలభై దాటాక ఊళ్లో పెద్దవాళ్ల బడి పెడితే పోయి అ ఆలు దిద్దాను, ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఐటీఐ చదువుతున్న మేనకోడలు డీజిల్ బండ్ల పుస్తకం ఇస్తే, వేలు పెట్టి ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాను. టర్బో గాలి హద్దు దాటితే కారణాలు అని ఒక పేజీ ఉంది. తలుపు పట్టేయడం, మసి, వైర్లు, గాలిని కొలిచే ముక్క పాడవడం, కంప్యూటరే పాడవడం, ఇలా సాగిపోయింది. నా పైపు తొమ్మిదో వరుసలో ఉంది. ఈ పేజీ ఆ రోజు చదివి ఉంటే రెండో వరుస దగ్గరే చెయ్యి వెనక్కి తీసుకుని, బేరగాడికి నేనే బండి తాళం ఇచ్చి ఉండేదాన్ని.

మొన్నీమధ్య ఘాటీలో కొత్త బండిలో ఏదో దీపం వెలిగింది. పక్కకి ఆపి, కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతున్నాను. పక్క సీట్లో మావ ఉన్నాడు. ఇప్పుడు రెండు మోకాళ్లూ పనిచేయవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది. కాసేపు చూశాడు, కాసేపు దగ్గాడు.

"ఏటే గుంటా," అన్నాడు, "బండి బాగు సేత్తన్నావా, పరీచ్చకి సదువుతన్నావా?"

పుస్తకం మూసేశాను. చూపుడువేలు మీద ఆ కాలిన మచ్చ మాసిపోయి చాలా కాలమైంది, వెతికినా కనిపించలేదు. ఏమీ తెలియకుండానే అన్నీ తెలుసనుకున్న ఆ పాతికేళ్ల పిల్ల ఇప్పుడు పక్కన ఉంటే బాగుండునని నవ్వుకుంటూ దిగి బానెట్ ఎత్తాను.